ఘాట్ రోడ్డు మూసి పాత కార్లు ఎక్కించాలంటే

2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు కోసం హుస్సేన్‌సాగర్ పక్కన రోడ్లు మూసినప్పుడు హైదరాబాద్ జనం పడ్డ అవస్థ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పబ్లిక్ రోడ్డు మీద కార్ల పోటీ అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ ట్రాఫిక్ జామే. ఒడిశాలోని మా కోరాపుట్, జయపురం వైపు పాత కార్లున్నవాళ్లు నలుగురు కలిస్తే, మన ఘాట్‌లో ఒక హిల్ క్లైంబ్, అంటే కార్లు కొండెక్కే పోటీ, పెడితే ఎంత బాగుంటుందో అన్న మాట వస్తుంది. పక్కనున్నవాళ్లు వెంటనే అడిగేది కారు గురించి కాదు, రోడ్డు ఎన్ని గంటలు మూస్తారని. అడగాల్సిన ప్రశ్న అదే. ఇలాంటిది మా కొండల్లో జరగాలని నాకూ గట్టిగా ఉంది. కానీ ఏ రోడ్డు, ఎవరిని అడిగి, ఎంతసేపు అన్నది తేలకుండా జెండా ఊపకూడదు. పైగా పాత కార్లతో చేసేటప్పుడు అసలు టైమ్ కొలవనే కూడదన్నది నా అభిప్రాయం.

హిల్ క్లైంబ్‌లో కార్లన్నీ ఒకేసారి బయల్దేరవు. కింద ఒక గీత, పైన ఒక గీత. ఒక్కో కారు విడిగా బయల్దేరి పైకి చేరుతుంది, దానికి పట్టిన టైమే దాని ఫలితం. ఇది మోటారు పోటీల్లో చాలా పాత పద్ధతి. ఫ్రాన్స్‌లో నీస్ నుంచి లా టుర్బీకి 1897లోనే కార్లు కొండెక్కాయి. ఇంగ్లండ్‌లోని షెల్స్‌లీ వాల్ష్‌లో 1905లో మొదలైన వెయ్యి గజాల దారి మీద ఇప్పటికీ పోటీలు జరుగుతున్నాయి. 1955లో ఫ్రాన్స్‌లోని ల మాన్స్ రేసులో కారు జనంలోకి దూసుకెళ్లి 80 మందికి పైగా చనిపోయాక స్విట్జర్లాండ్ సర్క్యూట్ రేసులను, అంటే కార్లన్నీ కలిసి ఒకే దారిలో చుట్లు తిరిగే పోటీలను, నిషేధించింది. హిల్ క్లైంబ్‌లను మాత్రం ఉండనిచ్చింది. దారి మీద ఒక్క కారే ఉంటే ఇంకో కారును గుద్దే ప్రమాదం ఉండదు కదా.

అయితే చూడ్డానికొచ్చిన జనం సంగతి వేరు. 1925లో బకింగ్‌హామ్‌షైర్‌లోని కాప్ హిల్ మీద ఒక కారు ప్రేక్షకుడిని గాయపరిచింది. దాంతో బ్రిటన్‌లో పబ్లిక్ రోడ్ల మీద ఇలాంటి పోటీలకు అక్కడి మోటారు పోటీలను చూసుకునే రాయల్ ఆటోమొబైల్ క్లబ్ అనుమతులు ఆపేసింది. మళ్లీ రోడ్లు మూసి పోటీ పెట్టుకునే వీలు 2015 చట్టంతో గానీ రాలేదు, ఇంగ్లండ్‌లో అది అమల్లోకి వచ్చేసరికి 2017. ఒక్క ప్రమాదానికి దాదాపు తొంభై ఏళ్లు! మా దగ్గర మొదటిసారే అలాంటిది జరిగితే రెండోసారి మాటే ఎవరూ ఎత్తరు. ఆ కాప్ హిల్ మీదే 2009 నుంచి పాత కార్లు మళ్లీ ఎక్కుతున్నాయి. టైమ్ కొలవరు కాబట్టి అది పోటీ కాదు. అయినా జనం వస్తున్నారు. మనం చూసి నేర్చుకోవాల్సింది అక్కడ.

ఘాట్ ఎక్కే పాత కారులో చూడాల్సింది వేగం కాదని ఈ దారిలో అంబాసిడర్ ట్యాక్సీల్లో తిరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సాలూరు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. సుంకి దగ్గర ఒడిశాలోకి వచ్చి, పొట్టంగి, సిమిలిగుడ మీదుగా కోరాపుట్ చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంటాం. స్టీరింగ్ కిందుండే గేరు రాడ్డును డ్రైవర్ సెకండ్‌కు లాగేవాడు. మలుపులో బండి గుంజుకోలేక వణుకుతుంటే ఫస్ట్‌కు వేసేవాడు. సగం ఎక్కేసరికి రేడియేటర్ మరిగేది. నీళ్లున్న చోట ఆపి, బానెట్ ఎత్తి, గోనెగుడ్డ చేతికి చుట్టుకుని మూత కొద్దికొద్దిగా తిప్పేవాడు. బుస్సుమని ఆవిరి పోయాక, ఇంజిన్ ఆపకుండానే నీళ్లు మెల్లగా పోసేవాడు. ఎండాకాలంలో పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ చుట్టి ఉండేది. ఇంజిన్ వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరైపోతే కార్బురేటర్‌కు అందదు, బండి మలుపులో నిలబడిపోతుంది. ఆ గుడ్డ దానికోసం. ఇప్పటి కార్లలో ఈ బాధ దాదాపు లేదు, ఈ పనితనమూ చాలావరకు పోయింది. రోడ్డు మూసి అయినా జనానికి చూపించాల్సింది ఈ పనితనాన్నే అంటాను. డ్రైవర్ ఇంజిన్ చప్పుడు విని ఏ క్షణంలో గేరు మారుస్తాడో, బండిని మరగనివ్వకుండా ఎలా తీసుకెళ్తాడో మలుపు దగ్గర నిలబడితే కళ్లారా కనిపిస్తుంది. దానికి స్టాప్‌వాచ్ దేనికి?

ఈ విద్య మిగిలి ఉంటే సాలూరులోనే ఉండాలి. లారీలకు, లారీ బాడీల తయారీకి పేరున్న ఊరది. ఈ ఘాట్‌లో తరాలుగా బండ్లు నడిపిన డ్రైవర్లు, రోడ్డు పక్కనే గేరుబాక్సు దించి ఎక్కించిన మెకానిక్కులు అక్కడున్నారు. కార్ల యజమానులు విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావచ్చు. మలుపుల దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాళ్లు, ఆగిపోయిన బండిని పక్కకు తీసేవాళ్లు మాత్రం ఈ దారి తెలిసినవాళ్లే అయి ఉండాలి.

ఇక రోడ్డు. సుంకి ఘాట్ అంటే అందరికీ మోజే. కానీ అది 26వ నంబరు జాతీయ రహదారి. రాయ్‌పూర్-విశాఖ లారీలు, రెండు రాష్ట్రాల బస్సులు, కుందులి సంత నుంచి కూరగాయలు దించే వ్యాన్లు, విశాఖ ఆసుపత్రులకు వెళ్లే రోగులు, అందరికీ అదే దారి. కింద పార్వతీపురం మన్యం జిల్లా, పైన కోరాపుట్ జిల్లా. ఒక వైపు ఆపితే రెండో వైపు లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోతాయి. సరదా కోసం ఈ దారిని ఒక్క పూట మూసినా ఒప్పు కాదు. 464 కిలోమీటర్ల రాయ్‌పూర్-విశాఖ కొత్త హైవే పూర్తయి లారీలు అటు మళ్లాక, అప్పుడు పాత ఘాట్ గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఈలోగా ఎవరినడిగినా చూపించేది దేవమాలి రోడ్డు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం అది, 1,672 మీటర్లు. రోడ్డు పైదాకా వెళ్లి అక్కడితో ఆగిపోతుంది కాబట్టి మూస్తే ఎవరి ప్రయాణమూ ఆగదని వాదిస్తారు. ఆ దారి పక్క పల్లెలవాళ్ల ప్రయాణం ప్రయాణం కాదా? కోరాపుట్ జిల్లా మొత్తం అయిదో షెడ్యూలు ప్రాంతం, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతం. రోడ్డు మూయడానికి గ్రామసభ తీర్మానం కావాలని చట్టంలో రాసి ఉన్నా లేకపోయినా, ముందు పల్లెల్లో కూర్చుని అడగాలి. నీళ్లకు, అడవికి, బడికి వాళ్లు ఏ వేళ వెళ్తారో తెలుసుకుని, ఆ వేళలు వదిలి మిగతాది అడగాలి. పార్కింగ్ డబ్బులు, తిండి దుకాణాలు వాళ్లకే దక్కాలి. వద్దంటే ఇంకో కొండ వెతుక్కోవాలి.

అనుమతులు కూడా అనుకున్నంత సులువు కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పబ్లిక్ చోట రేసు గానీ వేగపరీక్ష గానీ పెడితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే చట్టం 115వ సెక్షన్ కింద ప్రజల భద్రత కోసం ఒక రోడ్డు మీద వాహనాలను ఆపొచ్చు. నెల రోజులకు మించకపోతే గెజెట్ అవసరం లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. బీమా మరో చిక్కు. మామూలు కారు పాలసీలో రేసులకు, వేగపరీక్షలకు వర్తించదని రాసే ఉంటుంది. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021లో కేంద్రం వీఏ అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. ప్రదర్శనకు, పాత కార్ల ర్యాలీకి తిప్పుకోవచ్చు గానీ రోజువారీగా వాడకూడదు. టైమ్ కొలవడం మానేస్తే ఈ చిక్కుల్లో పెద్దవి తేలికవుతాయని నా నమ్మకం. అప్పుడది రేసు కాదు, మూసిన దారిలో సాగే ప్రదర్శన. అయినా ఆ ఒక్క రోజుకు విడిగా బీమా తీసుకోవాల్సిందే.

చూడ్డానికి వెళ్లేవాళ్లకూ ఒక మాట. మలుపు బయటి వైపు ఎవరూ నిలబడకూడదు. అదుపు తప్పిన బండి వెళ్లేది అటే. లోపలి వైపు, రోడ్డు కన్నా ఎత్తులో, తాడు వెనకాల నిలబడాలి. కార్లు వచ్చే వేళ రోడ్డు దాటకూడదు. సెల్ఫీ పిచ్చి ఉన్నచోట ఇది అమలు కావాలంటే ప్రతి మలుపులోనూ మనిషి ఉండాలి.

నిర్వాహకుల లెక్కలో తరచూ జారిపోయేది దిగడం. ఎక్కడానికి ఇంజిన్ బలం చాలు, దిగడానికి బ్రేకులు కావాలి. పాత డ్రమ్ బ్రేకులు వరస మలుపుల్లో వేడెక్కితే లైనర్ల మాడు వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ తొక్కినా బండి ఆగదు. ఎక్కిన కార్లన్నీ పైన చల్లారాక, ముందు ఒక జీపు పెట్టుకుని, ఫస్ట్ గేరులో ఒకదాని వెనక ఒకటి దూరంగా దిగాలి. చివరి కారు కిందికి చేరేదాకా గేటు తీయకూడదు. కలెక్టరుకు ఇచ్చే అర్జీలో ఈ దిగే టైమ్ కూడా కలిపే రాయాలి. పల్లెల్లో చెప్పే గంటలు కూడా అవే కావాలి.