రోహిణీ కార్తెలో మంచు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పారు. అదే కార్తెలో నెల్లూరు మూలాపేటలో మంచు కురుస్తుందని మాత్రం ఏ పంచాంగకర్తా చెప్పలేదు. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ వీడియోలో కురిసింది. చెమటకు పిల్ల నుదుటి కుంకుమ ముక్కు దాకా దిగింది. పేరంటాళ్లు శుభలేఖలతోనే విసురుకుంటున్నారు. వాళ్ల వెనక ఆల్ప్స్ కొండలు, వాళ్ల ముందు నింపాదిగా రాలుతున్న మంచు. ఎంత విసిరినా ఒక్క రవ్వ కూడా దారి తప్పలేదు.

ఈ ఘనత మా బావది. ఆఫీసులో ఫైళ్లు చూస్తాడు, ఇంటికొచ్చి వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. మొదట ఫోన్లో చేసేవాడు. మూలన ఆ యాప్ పేరు వాటర్‌మార్క్‌గా పడుతోందని పౌరుషం వచ్చి, ల్యాప్‌టాప్‌లోకి డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొన్నాడు. అందులో నాలుగు వందల బ్యాక్‌గ్రౌండ్లు ఉన్నాయట. అన్నింటికీ డబ్బు కట్టాం కాబట్టి అన్నీ వాడటం గృహస్థ ధర్మం అని ఆయన వాదన. బఫేలో చివరి ఐటెం దాకా ప్లేటు నింపే జాతి మనది, ఈ వాదనను నేను తోసిపుచ్చలేను.

బ్యాక్‌గ్రౌండ్ ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. ఫంక్షన్ అమ్మ ఇంటి వరండాలో జరిగింది. ఆ గోడ మీద పెచ్చులూడిన సున్నం, కరెంటు మీటరు, ఒక మూలన గ్యాస్ బండలు, ఇంకో మూలన మా తాతల నాటి రోలు. 'మీటరు తిరగతా కనపడతా ఉంటే వీడియో ఎవురు చూస్తారు బామ్మర్దీ?' అన్నాడు బావ. నిజమే. ఆ నెల బిల్లు తలచుకుంటే నాకే చూడబుద్ధి కాలేదు. బావ వెళ్లి పచ్చ గుడ్డ తెచ్చి పిల్ల కుర్చీ వెనక దండేనికి కట్టాడు. సాఫ్ట్‌వేర్‌కు ఫలానా పచ్చ అని చూపిస్తే చాలు, ఆ పచ్చ ఉన్న చోటల్లా తుడిచేసి మనం ఇచ్చిన బొమ్మ పెడుతుంది. మనిషి ఒంటి రంగులో పచ్చ ఉండదు, పైగా కెమెరా సెన్సర్లో సగం కళ్లు పచ్చకే కేటాయించి ఉంటాయి, అందుకని సినిమావాళ్లు కూడా పచ్చనే వాడతారు. ఈ శాస్త్రమంతా బావ నాకు గంటసేపు చెప్పాడు.

అయితే ఆ శాస్త్రం రాసినవాళ్లు తెలుగువాళ్ల శుభకార్యం చూసి ఉండరు. మన ఇంట్లో శుభం అంటేనే పచ్చ. మామిడి తోరణాల్లో ఆకులు పోయి బంతిపూలు మంచుకొండ మీద వరుసగా తేలాయి. పక్కన కట్టిన అరటి పిలకల్లో ఎండిన అంచులు మాత్రం మిగిలాయి. మా పిన్ని తాంబూలం అందించే ఘట్టం చూడండి: రెండు చేతులూ భక్తిగా ముందుకు చాచి ఉంది, మధ్యలో తమలపాకులు లేవు, రెండు వక్కలు, ఒక అరటిపండు, ఒక రూపాయి బిళ్ల గాల్లో కూర్చుని ఉన్నాయి. పిల్ల వాటిని గాల్లోంచే అందుకుని కళ్లకద్దుకుంది. సత్యసాయి భక్తురాలైన మా పక్కింటావిడ ఆ షాట్ మూడుసార్లు వేయించుకుంది.

ఇక అసలు సంగతి. మేనమామ హోదాలో నేను వెంకటగిరి వెళ్లి, మగ్గం దగ్గర కూర్చుని, బుటాలు లెక్కపెట్టి మరీ ఓణీ తెచ్చాను. చిలకపచ్చ. ఫంక్షన్లో అందరూ మెచ్చుకున్నారు. వీడియోలో ఓణీ లేదు. భుజం దగ్గర నుంచి నడుము దాకా ఏటవాలుగా ఒక జలపాతం దూకుతోంది, అంతే. జరీ బుటాలు మాత్రం నీళ్లలో చేప పొలుసుల్లా అక్కడక్కడా మెరిశాయి. మేనమామ ఏం పెట్టాడని అవతలి వైపువాళ్లు అడిగితే నయాగరా పెట్టాడని చెప్పుకోవాలి. 'నీలం తేవాల్సింది అబ్బయా' అన్నాడు బావ, నేరం నాదైనట్టు.

దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వను. ఇది మన సంప్రదాయం. మా అమ్మానాన్నల పెళ్లయిన కొత్తలో ట్రంకు రోడ్డు స్టూడియోలో తీయించుకున్న ఫొటో ఇంట్లో ఉంది. వెనక గుడ్డ మీద రంగులతో వేసిన మేడ మెట్లు, మెట్ల పక్కన పూలకుండీలు, దూరాన సరస్సు. నాన్న జీవితంలో ఎక్కిన మేడ మునిసిపల్ ఆఫీసుది ఒక్కటే, అదీ పన్ను కట్టడానికి. అంతకు ముందు తిరనాళ్లలో పద్యనాటకాలకూ తెరలే కదా. ఓసారి తెరలు లాగేవాడు నిద్రపోయి కాటిసీను మొత్తం ఉద్యానవనం తెర ముందే నడిచింది. పద్యం బాగుందని ఒన్స్ మోర్ కూడా కొట్టారు. అప్పుడు ఊరికి నాలుగు తెరలుండేవి, ఇప్పుడు ఇంటికి నాలుగు వందలున్నాయి. దీన్నే అభివృద్ధి అంటారు.

కొందరు ఆ ఫంక్షన్‌ను ఫోన్ నిలువుగా పట్టుకుని తీసి పంపారు. నిలువు వీడియోను టీవీకి సరిపోయే అడ్డ ఫ్రేములో పెడితే మధ్యలో సన్నగా నిలబడుతుంది. నేను లెక్క కట్టాను: 1920 చుక్కల వెడల్పులో మనిషికి దక్కేది 607. మిగతా 68 శాతం బ్యాక్‌గ్రౌండ్‌దే. అంటే మూడింట రెండొంతులకు పైగా మెజారిటీ. రాజ్యాంగాన్ని సవరించడానికే అది చాలు, మా పిన్ని ముఖాన్ని సవరించడం ఎంత పని? ఆ రెండు పక్కలా బావ కదిలే ప్యాటర్న్ పెట్టాడు: గుండ్రంగా తిరిగే నెమలి పింఛాలు. వాట్సాప్‌లోకి ఎక్కించగానే అది ఫైలును కుదించింది. కుదించినప్పుడు ఎక్కువ కదిలేదానికే ఎక్కువ డేటా పోతుంది. పింఛాలు తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి వాటా అవి లాగేసుకున్నాయి. కదలకుండా మర్యాదగా కూర్చున్న పిన్ని ముఖం గచ్చు మీద పరిచిన టైల్స్ అయింది. సభల్లో ఫ్లెక్సీకి పోను మిగిలిన డబ్బుతో మంచినీళ్లు పెట్టినట్టే.

మధ్యలో 'మా పల్లె, మా పొలం' అని ఒక భాగం ఉంది. పెన్న దాటి కోవూరు పక్కన నాన్న పొలాన్ని నిజంగానే వీడియో తీసుకొచ్చాం, నాట్లు పడి కళకళలాడేటప్పుడు. అందులో కరెంటు స్తంభం, ఒక గేదె ఉన్నాయని బావ తీసేశాడు. బదులు పెట్టిన పచ్చటి గుట్ట, నీలాకాశం చూడగానే నాకు తెలిసిపోయింది. విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లన్నింటి మీదా ఉండేది. 1996లో చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ కాలిఫోర్నియాలో తీసిన బొమ్మ. అక్కడ ద్రాక్షతోటలకు పురుగు పట్టి పీకేశాక మొలిచిన గడ్డి అది. పురుగు పట్టిన కయ్య కింద 'మొలగొలుకులు పండే నేల' అని టైటిల్ పడింది. నాన్న ఉంటే ఏ మందు కొట్టాలో చెప్పి ఉండేవాడు.

మన ఊరివే పెట్టొచ్చు కదా, మైపాడు సముద్రం ఉంది, పులికాట్‌లో ఫ్లెమింగోలున్నాయి అన్నాను. బావ నన్ను జాలిగా చూశాడు. 'మైపాడుకు మొన్న ఆదివారమే పోయొచ్చాం గదా. వీడియోలో కూడా మైపాడే అయితే ఇంక సాఫ్ట్‌వేర్ ఎందుకు కొన్నట్టు?' దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒంగోలు వైపు మా బంధువుల పద్ధతీ ఇదే. చీమకుర్తిలో ఉంటారు. నల్ల రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ వాళ్ల ఇంటి ముందు నుంచే లారీల్లో విదేశాలకు పోతుంది. గృహప్రవేశం వీడియోకు వాళ్లు నల్లరాయి టెక్స్చర్ ఒకటి విదేశీ సైట్లో డబ్బు కట్టి దించుకున్నారు. రాయి మనది, రాతి బొమ్మ వాళ్లది. ఈ లెక్కన ఎగుమతి, దిగుమతి సరితూగాయనే అనుకోవాలి.

మంచు మాత్రం ఊరికే పడలేదు. వీడియోను రెండర్‌కు, అంటే ముక్కలన్నీ కలిపి ఒకే ఫైలుగా వండడానికి, పెట్టిన రాత్రి ల్యాప్‌టాప్ పెనంలా కాలింది. ఆగిపోతే మళ్లీ మొదటికొస్తుందని బావ పెడెస్టల్ ఫ్యాన్ తెచ్చి దాని ముఖాన పెట్టాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫ్యానే. ఆ రాత్రి పదకొండు మందిమి వరండాలో తడిగుడ్డలు కప్పుకుని పడుకున్నాం. మధ్యమధ్యలో ఎవరో ఒకరు లేచి 'ఎంత అయింది?' అని అడగడం, బావ 'అరవై రెండు శాతం' అనడం. తెల్లారేసరికి ఆల్ప్స్ సిద్ధమయ్యాయి. మా ఒళ్లంతా చెమటకాయలు.

ఆదివారం అందరం టీవీ ముందు కూర్చున్నాం. అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు జరిగింది. చాలాసేపు ఏమీ అనలేదు. కొండలు పోయి సరస్సు వచ్చింది, సరస్సు పోయి గులాబీలు వచ్చాయి. ఉన్నట్టుండి 'ఆపు నాయనా' అంది. బావ ఆపాడు. పచ్చ గుడ్డ జానెడు పొట్టిదైనట్టుంది, తెరకు కింద ఎడమ మూలన అది అందలేదు. ఆ సందులో మా వరండా గచ్చు, రోలు అంచు, దాని మీద ఎవరో పెట్టిన కాఫీ గ్లాసు కనిపిస్తున్నాయి.

'అదిగో, మన ఇల్లు' అంది అమ్మ.

బావ నొచ్చుకున్నాడు. 'అయ్యో, అది పొరపాటత్తయ్యా. చూసుకోలా. రేపటికల్లా సరిచేస్తా' అన్నాడు. మాట మీద నిలబడే మనిషి, సరిచేశాడు కూడా. ఆ మూలన ఇప్పుడొక తెల్ల హంస ఉంది. నాలుగు సెకన్లకోసారి మెడ తిప్పుతుంది.