‘సెన్సారేనండీ’ అంటే నమ్మేయాలా?

ఇంజిన్ లైటు (ఇంజిన్‌లో ఏదో లోపముందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరించే దీపం) వెలుగుతున్న పాత కారును ధర తగ్గించుకుని కొనేయవచ్చని ఒక వ్యాసంలో రాశారు. నాకు ఒప్పుదల లేదు. అమ్మేవాళ్ల మాట ఎప్పుడూ ఒకటే: ‘పోయింది సెన్సారేనండీ, చిన్న పని’. అంత చిన్నదైతే వాళ్లే చేయించి ఇంకాస్త ఎక్కువకు అమ్ముకునేవారు కదా!

ఎంత తగ్గించాలో తెలియాలంటే ముందు కోడ్ (లోపం ఏమిటో సూచిస్తూ కారు కంప్యూటర్ దాచుకునే గుర్తు) స్కానర్ పెట్టి చూడాలి. కోడ్ చూసినా పని అయిపోదు. ఉదాహరణకు పి0420 అంటే కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) సరిగా పనిచేయడం లేదని కారు కంప్యూటర్‌కు అనిపించిందని అర్థం. కారణం కన్వర్టరే కావచ్చు, ఆక్సిజన్ సెన్సార్ కావచ్చు, సైలెన్సర్ పైపులో లీకేజీ కావచ్చు. ఖర్చులో చాలా తేడా.

వ్యాసంలో లేని సంగతి ఇంకొకటి. లైటు వెలగని కారునూ గుడ్డిగా నమ్మలేం. స్కానర్‌తో కోడ్ చెరిపేస్తే లైటు ఆరిపోతుంది, కొంత దూరం తిరిగాక మళ్లీ వస్తుంది. అప్పటికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది. అందుకే మెకానిక్‌ను రెడీనెస్ మానిటర్లు (కారు తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) కూడా స్కానర్‌లో చూడమనండి. చాలావరకు ‘నాట్ రెడీ’ అని వస్తే ఈమధ్యే కోడ్లు చెరిపారనో, బ్యాటరీ తీశారనో అనుమానించాలి. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా కార్లు చూపిస్తాయి. తాళం తిప్పగానే, ఇంజిన్ స్టార్ట్ కాకముందు, ఆ లైటు ఒకసారి వెలగాలి. వెలగలేదంటే బల్బు పీకేశారేమో చూడండి (ఇలాంటి ఘనులూ ఉన్నారు).

టెస్ట్ డ్రైవ్‌లో లైటు మినుకుమినుకుమంటే మాత్రం బేరం అక్కడితో ఆపేయండి. అది మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో ఇంధనం సరిగా మండటం లేదన్నమాట. అలాగే నడిపితే కన్వర్టర్ కూడా పోతుంది.