రాజకుమారి ఆల్బమ్ విన్నాక అమెరికాలోని మన తెలుగు సంఘాల వాళ్ళతో ఒక మాట

2023లో ర్యాపర్ రాజకుమారి తన మొదటి ఫుల్ ఆల్బమ్ 'ది బ్రిడ్జ్' రిలీజ్ చేసింది. అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు, కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో పెరిగిన మన తెలుగు వాళ్ళమ్మాయి, చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుని స్టేజీలెక్కింది. అంటే ఇవాళ మనం వీకెండ్ వస్తే పిల్లల్ని కార్లో ఎక్కించుకుని ఏ క్లాసులకి తిప్పుతున్నామో ఆ చదువే ఆమెదీ. అలాంటి అమ్మాయి ర్యాపర్ అయ్యి, గాడ్‌మదర్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకుని ఆల్బమ్ తెస్తే, నాకు తెలిసిన తెలుగు సర్కిల్స్‌లో దాని మీద చర్చే జరగలేదు. అదే ఏడాది 'జవాన్'లో అనిరుధ్ పాటకి ఆమె ర్యాప్ చేస్తే మాత్రం అందరూ షేర్ చేశారు. సినిమా ముద్ర పడితేగానీ మన పిల్ల మన కంటికి ఆనలేదు, నాకు బాధ అక్కడే.

ఆమె దారి ఒకసారి చూడండి. ఐదో క్లాసులో ఫ్యూజీస్ అనే ర్యాప్ బృందం ఆల్బమ్ 'ది స్కోర్' విని హిప్ హాప్‌లో పడింది, అందులో లారిన్ హిల్ గొంతు విన్న ఆడపిల్ల ఎవరైనా పడుతుందిలెండి. తర్వాత చాలా ఏళ్ళు వేరే వాళ్ళకి పాటలు రాసింది. 2014లో ఫాల్ ఔట్ బాయ్ బ్యాండ్ పాట 'సెంచరీస్' ఊపేసింది కదా, దాని రైటర్స్‌లో ఈమె ఒకరు, ర్యాపర్ ఇగ్గీ అజేలియాకి రాసింది, సింగర్ గ్వెన్ స్టెఫానీకి రాసింది. సొంతంగా 2016లో ఒక ఈపీ (కొన్ని పాటల చిన్న ఆల్బమ్), 2019లో ఇంకో ఈపీ, మధ్యలో ముంబై వెళ్ళి అక్కడి ర్యాపర్ డివైన్‌తో 'సిటీ స్లమ్స్' పాట, ఎంటీవీ హసల్ అనే ర్యాప్ పోటీ షోలో జడ్జి సీటు, ఇన్ని చేశాక కూడా తన పేరు మీద ఫుల్ ఆల్బమ్ రావడానికి 2023 దాకా పట్టింది. ఆమె మాటలు వేరే వాళ్ళ నోట్లో హిట్ అయిన ఎన్నో ఏళ్ళకి ఆమె నోట్లో ఆల్బమ్ అయ్యాయన్నమాట.

ఆల్బమ్ మొత్తం నాకు ఒకేలా నచ్చలేదు, కొన్ని పాటలు మరీ పాప్ వైపు వెళ్ళిపోయాయి, దాదాపు అంతా ఇంగ్లీషే, ఇంకాస్త తెలుగు ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. కానీ ఆ గొంతులో ఉన్న ధీమా, బీట్ మీద మాట పడే తీరు, అది ఎక్కడ నేర్చుకుందో డాన్స్ తెలిసిన వాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. గురువు తాళం కొడుతుంటే జతులు, అంటే తకధిమి లాంటి తాళం మాటలు, నోటితో చెప్పి చెప్పి పెరిగిన పిల్ల కాబట్టి తిశ్రం (మూడు లెక్క) నుంచి చతురశ్రానికి (నాలుగు లెక్క) మారడం ఆమెకి లెక్కపెట్టుకునే పని కాదు, నాలిక మీదే ఉంది.

ఇంకో మాట. ర్యాప్ అంటే నేనింత నేనంత అని డబ్బా కొట్టుకోవడమే కదా, ఆడపిల్లకి అంత పొగరేంటి అని మనవాళ్ళు అంటుంటారు. మరి కూచిపూడి వాళ్ళ భామాకలాపంలో సత్యభామ ఏం చేస్తుందండీ? తెర మీద జడ వేసి, ప్రవేశ దరువులో, అంటే లోపలికొచ్చే పాటలో, తానెవరో, తన అందమేంటో, తన గొప్పేంటో సభ మొత్తానికి చెప్పుకునే కదా లోపలికొస్తుంది! దాన్ని మనం కళ అంటాం, పిల్లలకి నేర్పిస్తాం, వీడియో తీసుకుని అమ్మమ్మకి పంపిస్తాం. పైగా ఆ సత్యభామని తరాల పాటు మగవాళ్ళే వేశారు, కూచిపూడి కళాకారులు వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామ గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. ఒక ఆడపిల్ల తన మాటతో, తన పేరుతో అదే ధీమాగా నిలబడితే ఎందుకు ఇబ్బంది పడాలి మనం?

బూతులుంటాయి, మగాళ్ళ ప్రపంచం అది అని కూడా అంటారు. బూతులున్న ర్యాప్ ఉంది నిజమే, ఆ మాట కాదనను, కానీ అది హిప్ హాప్ మొత్తం కాదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో హిప్ హాప్ పుట్టిందని చెప్పుకునే పార్టీ ఉంది కదా, అక్కడ రికార్డులు తిప్పింది డీజే కూల్ హెర్క్ అయితే పార్టీ పెట్టింది వాళ్ళ చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్, స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కుందామని. 1988లోనే ఎంసీ లైట్ అనే ఆడ ర్యాపర్ ఫుల్ ఆల్బమ్ తెచ్చింది. 1999లో గ్రామీల్లో, అంటే అమెరికా సంగీత అవార్డుల్లో, ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గెలిచిన మొదటి హిప్ హాప్ ఆల్బమ్ లారిన్ హిల్‌ది, అదీ ఆమె మొదటి సోలో ఆల్బమ్. 2019లో ర్యాపర్ కార్డీ బీ తన మొదటి ఆల్బమ్‌తోనే బెస్ట్ ర్యాప్ ఆల్బమ్ అందుకుంది, సోలోగా ఆ అవార్డు గెలిచిన మొదటి ఆడది ఆమె. హిప్ హాప్‌కి యాభై ఏళ్ళు నిండిన సంవత్సరమే మన శ్వేత ఆల్బమ్ వచ్చింది.

మన కన్వెన్షన్లలో పిల్లలు స్టేజీ ఎక్కితే ఏం చేస్తారు? వేమన పద్యం చెప్తారు, సినిమా పాట పాడతారు, సినిమా పాటకి డాన్స్ చేస్తారు. అన్నీ మంచివే, మా ఇంట్లో పిల్లలూ చేశారు, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ అన్నీ వేరే ఎవరో రాసిన మాటలే. ఇక్కడ పుట్టిన పదిహేనేళ్ళ పిల్లకి ఇంట్లో ఒక భాష బయట ఒక భాష, లంచ్ బాక్సులో పప్పన్నం, స్కూల్లో పేరు ఎవరికీ పలకదు, దీని మీద తనకి చెప్పుకోవాల్సింది బోలెడుంది, చెప్పే చోటే మనం ఇవ్వట్లేదు. రాజకుమారి 2020లో 'ఎన్ఆర్ఐ' అని పాటే చేసింది, ఇక్కడా పూర్తిగా కలవక అక్కడా పూర్తిగా కలవక నలిగే మనిషి గురించి. అది మన పిల్లల సంగతే కదా.

తెలుగులో ర్యాప్ కుదరదు అనకండి. హైదరాబాద్‌లో రోల్ రైడా, నోయెల్ లాంటి ర్యాపర్లు ఎప్పుడో చేసి చూపించారు. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాస అడక్కుండానే దొరుకుతుంది, పద్యంలో రెండో అక్షరం ప్రాస ఎలాగూ మన సొత్తు, ఆ రెండూ కలిపి ఒక పిల్ల వాడిందంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ళ పలక్కపోయినా పర్లేదు, సగం ఇంగ్లీషు కలిసినా పర్లేదు, రాయడం మొదలుపెడితే మాట కోసం వాళ్ళే వచ్చి అమ్మా దీన్ని తెలుగులో ఏమంటారు అని అడుగుతారు.

అందుకని కల్చరల్ కమిటీ అన్నయ్యలకీ అక్కలకీ నేనడిగేది ఇదీ. వచ్చే కన్వెన్షన్ పోటీల్లో సొంతంగా రాసిన తెలుగు ర్యాప్‌కి ఒక విభాగం పెట్టండి, ఏ మూల రూములోనో కాదు, మెయిన్ స్టేజీ మీద, సాయంత్రం జనం ఉన్న టైములో. బూతులు వద్దని రూల్ పెట్టుకోండి, ఎవరూ కాదనరు. గెస్ట్ సింగర్లకి ఫ్లైట్ టికెట్, హోటల్, రెమ్యూనరేషన్ అన్నీ ఇస్తాం కదా, ఆ బడ్జెట్‌లోంచే ఇక్కడ పుట్టి పెరిగిన ఒక ఆడపిల్లని ఆర్టిస్టుగా పిలిచి, డబ్బులిచ్చి, వర్క్‌షాప్ పెట్టించండి. మన పిల్లే కదా ఫ్రీగా చేస్తుందిలే అని మాత్రం దయచేసి అడగకండి.