87 మీటర్లు కంట్లో నలుసు, 271 మీటర్లు కంటికి ఇంపు

సిడ్నీ రేవులో ఓడల రాకపోకలను 37 ఏళ్లపాటు అదుపు చేసిన టవర్‌ను 2016లో కూల్చేశారు. కాలం చెల్లింది, పోయింది అంటారు. దాన్ని ఖాళీ చేయించింది టెక్నాలజీ అంటే ఒప్పుకోవచ్చు. కూలగొట్టింది మాత్రం టెక్నాలజీ కాదు.

1974లో మిల్లర్స్ పాయింట్ గుట్టపక్కన లేచిన సన్నటి కాంక్రీటు కాండం అది. పైన పుట్టగొడుగు తలలాంటి గాజు గది, మొత్తం 87 మీటర్లు. జనం పెట్టిన పేరు ‘పిల్’, అంటే గర్భనిరోధక మాత్ర. ఓడ నిలిచే బెర్తుకూ, పుట్టుకకూ ఇంగ్లిష్‌లో పలుకు ఒకటే. ‘బర్తు’లను అదుపు చేసేది ‘పిల్’ కదా! రేవు జనానికే తట్టే హాస్యం ఇది.

ఆ ఎత్తు హంగు కోసం పెట్టింది కాదు. నేలమీద నిలబడ్డ మనిషికి దిగంతం మూడు నాటికల్ మైళ్లు కూడా ఉండదు. 87 మీటర్ల పైనుంచి అడ్డేమీ లేకపోతే 19 దాకా ఉంటుంది. పైగా సిడ్నీ రేవు దారి తిన్నగా ఉండదు. ఓడ రెండు కొండకొమ్ముల మధ్య నుంచి లోపలికొచ్చి, నీళ్లలో దాగిన సో అండ్ పిగ్స్ రాళ్లను తప్పించుకుని, బ్రాడ్లీస్ హెడ్ మలుపు తిరగాలి. గ్లీబ్ ఐలండ్ బెర్తులకు వెళ్లాలంటే, 49 మీటర్ల ఖాళీ మాత్రమే ఉన్న వంతెన కింద నుంచి దూరాలి. దారి పొడవునా ఫెర్రీలు, తెరచాప పడవలు. రేవులో దారి చూపే పైలట్ ఓడ ఎక్కాడా, ఓడను లాగే టగ్గు పడవలు అందాయా, బెర్తు ఖాళీ అయిందా? ఒక్కటి తప్పినా వెనకున్న వరస మొత్తం ఆగిపోతుంది.

తర్వాత ఓడల వివరాలను రేడియోలో వాటంతట అవే ప్రసారం చేసే ఏఐఎస్ అనే వ్యవస్థ వచ్చింది. నడుస్తున్న పెద్ద ఓడ తన స్థానాన్ని 2 నుంచి 10 సెకన్లకోసారి తానే చెబుతుంది. అయితే అంతర్జాతీయ నిబంధన 300 టన్నులు దాటిన ఓడలకూ, ప్రయాణికుల ఓడలకే. చిన్న తెరచాప పడవకు ఆ పట్టింపు లేదు. గమ్యం, ఓడ నీళ్లలో మునిగిన లోతు, ‘లంగరు వేసి ఉన్నాం’ అనే స్థితి చేత్తో ఎక్కించేవే. లంగరెత్తాక మార్చడం మరిస్తే, కదిలే ఓడ కూడా తెరమీద లంగరు వేసినట్టే కనిపిస్తుంది. రాడార్‌కు కొండ వెనక గుడ్డిచోటు ఉంటుంది, అలల గజిబిజిలో చిన్న పడవ మాయమవుతుంది. కిటికీలోంచి చూసే కన్ను ఈ లోటునే పూడ్చేది.

సరే, కంటెయినర్లు బోటనీ రేవుకు తరలిపోయాయి, 2011లో నియంత్రణ కూడా అక్కడికే వెళ్లింది. ఖాళీ టవర్‌కు ఖర్చు దండగ, పక్కన వేస్తున్న పచ్చటి గుట్టకు అది నప్పదు అన్నవాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది.

కానీ ఆ పచ్చటి గుట్ట ఏమిటి? 2015లో తెరిచిన బారంగరూ రిజర్వ్. 1836 నాటి తీరంలా కనిపించాలని 10,000కు పైగా ఇసుకరాళ్లు పేర్చి, చెట్లు నాటి కట్టిన కొండ. లోపల 300 కార్ల పార్కింగ్! సిడ్నీలోని మనవాళ్లు ఫొటోలు దిగే ‘ప్రకృతి’ కింద ఉన్నది కాంక్రీటే. మరి టవర్ కాంక్రీటు ఏం పాపం చేసింది? చరిత్ర కావాలంటే 1836 తేదీనే ఎందుకు, 1974 ఎందుకు కాదు?

అసలు చెరిపేసింది రేవు కూలీ ఆనవాళ్లను. ఆర్థిక మాంద్యంలో కళాసీలు పని కోసం ఒక్కో రేవుగట్టూ అడుగుతూ తిరిగిన హిక్సన్ రోడ్డుకు ‘ఆకలి మైలు’ అని పేరు. 2014లో ప్రభుత్వం మిల్లర్స్ పాయింట్, పక్కనున్న రాక్స్‌లలో 293 ప్రభుత్వ ఇళ్లను అమ్మకానికి పెట్టింది. అక్కడి ప్రభుత్వ అపార్టుమెంట్ల భవనం సిరియస్‌ను వారసత్వ జాబితాలో చేర్చడానికి 2016లో మంత్రి నిరాకరిస్తూ, చేరిస్తే స్థలం విలువ సుమారు 7 కోట్ల డాలర్లు తగ్గుతుందన్నారు. వారసత్వాన్ని తూచిన తక్కెడ ఇదీ. మరుసటి ఏడాది కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది, సిరియస్ నిలిచింది. టవర్‌కు ఆ యోగం లేదు.

గుట్ట అందాన్ని చెడగొడుతుందని 87 మీటర్ల టవర్‌ను తీసేసిన ఆ బారంగరూలోనే 2020లో కాసినో హోటల్ తెరిచారు. ఎత్తు 271 మీటర్లు.