మొదటి రోజే వారం సరుకులా?

సెలవులకు వెళ్లి అద్దె ఇంట్లో దిగిన రోజే వారానికి సరిపడా సరుకులు కొనేస్తే డబ్బు మిగులుతుందని ఒక వ్యాసంలో చదివాను. నా అనుభవం వేరు. పోయిన సెలవుల్లో అలాగే కొన్నాం. తీరా చూస్తే అద్దె ఇంట్లో ఫ్రిజ్ చిన్నది, సరిగా చల్లబడదు కూడా. మూడో రోజుకల్లా ఆకుకూరలు కుళ్లాయి, పాలు విరిగాయి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. అందుకే ఇప్పుడు వంటగది చూశాక, రెండు రోజులకు సరిపడా మాత్రమే కొంటున్నాం. క్యారెట్, క్యాబేజీ లాంటివైతే కాస్త ఎక్కువ తెచ్చినా నిలుస్తాయి.

అన్నం మిగిలితే పొయ్యి మీదే వదిలేయకండి. రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టాలి. బయటే ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం తయారు చేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. సెలవుల్లో వాంతులు పట్టుకుంటే మిగిల్చిన డబ్బంతా మందులకే!

నూనె, ఉప్పు, కారం ఇంటి నుంచే చిన్న డబ్బాల్లో తీసుకెళ్తాం. నాలుగు రోజుల కోసం పెద్ద సీసాలు కొని అక్కడే వదిలేసి రావడం నాకు మహా చిరాకు.

ఇంకోటి, ఇండక్షన్ స్టవ్ ఉందేమో ముందే అడగండి. అయస్కాంతం అంటుకోని మామూలు అల్యూమినియం గిన్నె దాని మీద వేడెక్కదు. అద్దె ఇంట్లోని కత్తి సంగతైతే చెప్పనే అక్కర్లేదు, దానితో టమాటా కూడా తెగలేదు. ఇప్పుడు మా చిన్న కత్తి పెద్ద బ్యాగులో ప్రయాణిస్తోంది.