ఊరికే పెడితే తినని కోడి

దేవరకొండ దిక్కు ఓ ఇంట్లో నిన్నటి ముచ్చట. నాటుకోళ్లకు కొత్త ప్లాస్టిక్ ఫీడర్, నిండా మిర్యాలగూడ మిల్లు నూకలు, చూడనీకి కొత్తల్లుడు. "నేల మీద పెట్టి నిండా పోయుండ్రి, ఒక్క గింజ కింద పడదు" అన్నాడట అమ్మినాయన. బిల్లు మాత్రం ఇయ్యలేదు.

ఎర్రపెట్ట వచ్చింది. అంచు దగ్గర ఆగలేదు, ఎక్కి నూకల నడుమ నిలబడ్డది. కట్నం సామాన్లు చూడొచ్చిన పెద్దమనిషి లెక్క మెడ వంచి ఓ కన్నుతో కిందికి, ఇంకో కన్నుతో అల్లుడి దిక్కు చూసింది. కుడికాలితో రెండు తన్నులు. ఎడమకాలితో రెండు. ఓ అడుగు వెనక్కి. ఏం బయటపడ్డదో అని వంగి చూసుడు. మళ్ల తన్నుడు. నూకలు అల్లుడి తెల్లంగీ మీద, చాయ్ కప్పులో, మామ మీసంలో. అప్పుడు తాపీగా దిగి, అవే నూకలను మట్టిలోంచి ఒక్కొక్కటే ఏరుకున్నది.

"దీనికి ఆకలి లేదా మామా?"

"ఆకలుంటే డబ్బాలనే తింటుండె బిడ్డా."

మామ చెప్పింది నిజమే. 1963లో అమెరికాలో గ్లెన్ జెన్సెన్ 200 ఎలుకల ముందు గిన్నెలో తిండి పెట్టి, పక్కన నొక్కితే తిండి పడే మీట పెట్టాడు. ఊరికే దొరికేది ఉన్నా మీట నొక్కి తిన్నవి బోలెడు. కడుపు మాడితే మాత్రం జీవాలు ఎక్కువగా ఊరికే దొరికేదే తింటయ్. కడుపు కొంత నిండినంక వెతుకులాట మొదలు: రేపు ఈ గిన్నె ఖాళీ అయితే తిండి ఎక్కడుంటదో ఇయ్యాల్నే తెలుసుకోవాలె గదా! పిల్లికి ఆ రంది లేదు. 2021లో 17 పెంపుడు పిల్లులను చూస్తే, ఎక్కువ శాతం పళ్లెంలోదే తిన్నవి.

ఫీడర్ అంచు కోడి వీపు ఎత్తున ఉండేటట్టు వేలాడదియ్యాలె. మూడో వంతుకు మించి నింపొద్దు. కాలు గోకుడు ఆగదు కాబట్టి, ఓ పిడికెడు గింజలు పొడి ఊకలో కలిపి విడిగా చల్లాలె. ఊక తడిస్తే బూజు పడతది, తీసెయ్యాలె. అమ్మినాయన వీటిలో ఒక్కటి చెప్పలేదు.

ఫోన్ చేస్తే, "డబ్బా మంచిదే సార్, కోడే బాగలేదు. తెల్ల లెగ్‌హార్న్ జాతి కోడిని పెట్టుకోండి" అన్నాడు. మండేదేందంటే, అదీ తప్పు కాదు: స్వీడన్‌లో పోల్చి చూస్తే అడవికోడి కన్నా లెగ్‌హార్న్‌కు వెతికి తినే యావ తక్కువేనట. లెగ్‌హార్న్ పిల్లలు కూడా ఆయన దగ్గరే ఉన్నాయట.