మామిడితో సర్దుకోమన్నారు

స్మూతీ బౌల్, అంటే గడ్డకట్టిన పండ్లు చిక్కగా రుబ్బి గిన్నెలో వేసుకునేది, చేసి చూపించే వీడియోల చివర ఈమధ్య ఒక ఓదార్పు మాట కలుపుతున్నారు: ‘బ్లూబెర్రీలు దొరక్కపోతే కంగారు పడకండి, మామిడితో సర్దుకోవచ్చు.’ రాపూరు, సైదాపురం తోటల్లో బంగినపల్లి కోతకొచ్చి, ఇంట్లో బుట్టెడు కాయలు గడ్డిలో మాగుతున్నప్పుడు నెల్లూరు వాళ్లు మామిడితో సర్దుకోవాలట. సరే, పెద్ద మనసు చేసుకుందాం.

సర్దుకునే విధానం ఇదీ. మామిడి ముక్కలు ఒక కప్పు, బాగా మాగిన రెండు అరటిపండ్లు చక్రాలుగా కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాలి. కుప్పగా పోస్తే తెల్లారేసరికి ఒకటే గడ్డ, విడగొట్టాలంటే రోకలి కావాలి. నడిరాత్రి కరెంటు పోతే ముక్కలు కరిగి మళ్లీ గడ్డకడతాయి. ఇక ఎంత రుబ్బినా నీరొదిలి పల్చగా జారతాయి. వీడియోల్లో కరెంటు పోదు.

మిక్సీలో పెద్ద జారు వద్దు. చట్నీ జారులో సగానికే వేసి, చిక్కటి పెరుగు పావు కప్పు పోయాలి, అంతే. నాలుగు తిప్పులకి ముక్కలు గోడలకి అతుక్కుని బ్లేడు ఉత్తిగా తిరుగుతుంది. ఆపి, గరిటెతో కిందికి తోసి, విడతలు విడతలుగా తిప్పాలి. ఓపిక లేక పాలు పోసినవాళ్లు జ్యూసు తాగాలి. ఆపకుండా తిప్పినవాళ్లు వేడెక్కి ఆగిపోయిన మిక్సీ అడుగున ఎర్ర బటన్ వెతుక్కోవాలి.

ఇక పైన కరకరలాడేలా చల్లే గ్రానోలా. బయట 43 డిగ్రీలు మండుతుంటే, చల్లగా ఏదైనా తినడం కోసం వంటింట్లో 150 డిగ్రీల ఓవెన్ వెలిగించాలి. మహా తెలివైన ఏర్పాటు. రోల్డ్ ఓట్స్ రెండు కప్పులు (ఇన్‌స్టంట్‌వి పిండైపోతాయి), వేరుశనగపప్పు అరకప్పు, నువ్వులు రెండు చెంచాలు, ఉప్పు చిటికెడు, నూనె మూడు పెద్ద చెంచాలు, బెల్లం పాకం పావు కప్పు. కలిపి పల్చగా పరిచి 25 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలియబెట్టాలి. తీసేటప్పుడు మెత్తగానే ఉంటుంది, చల్లారితేనే గట్టిపడేది. కరకరలాడలేదని మళ్లీ లోపలికి తోసేవాళ్లే మాడుస్తారు. కిస్‌మిస్ ముందే వేస్తే చేదెక్కుతుంది, చివర్న కలపండి. మూత బిర్రుగా పట్టే డబ్బా తప్పనిసరి. మైపాడు, కొత్తపట్నం సముద్రపు గాలికి బయట పెడితే ఇట్టే మెత్తబడుతుంది. ఓవెన్ లేకపోతే అడుగు మందం మూకుడు, సన్నసెగ, ఆపకుండా తిప్పే చెయ్యి.

గిన్నెలోకి తీశాక అసలు క్రతువు. చియా గింజలు ఎగిరిపోతాయని ఫ్యాను ఆపుతారు. ఒంగోలులో, మే నెలలో, మిట్టమధ్యాహ్నం ఫ్యాను ఆపుతారు! అరటి చక్రాలు వరసగా పేరుస్తారు, ఒకటి జారుతుంది, పుల్లతో ఎత్తి నిలబెడతారు. గింజల గీత వంకర పోయిందని గీకేసి మళ్లీ చల్లుతారు. వెలుతురు బాగుందని గిన్నెని కిటికీ ఎండలోకి జరుపుతారు.

‘ఏందిరా ఇది, అంబలి మీద పేలాలు చల్లినావా?’

‘జరుగవ్వా, నీడ పడతా ఉంది.’

అవ్వ జరుగుతుంది. గిన్నె కరుగుతుంది. స్పూను చేతిలోకి తీసుకున్నాకే చల్లాల్సిన గ్రానోలా అప్పటికే నాని మునిగిపోయి ఉంటుంది. ఫొటోకి మాత్రం లోటుండదు.

ఫొటోలో పైన కూర్చునేవి బ్లూబెర్రీలే. ఆ చిన్న డబ్బాకి ఎంత చెబితే అంత ఇచ్చేసిన పెద్దమనిషే, రోడ్డు పక్కన తట్ట పెట్టుకున్నామె దగ్గర మామిడికాయలకి కిలోకి పది రూపాయలు తగ్గించమని అరగంట నిలబడతాడు. ధర పడిన ఏడు రైతుకి కోతకూలీ, బండి కిరాయీ కూడా రావు, కాయ చెట్టు కిందే కుళ్లుతుంది. గిన్నె నింపింది ఆ రైతు కాయే, దానికి పెట్టిన పేరు ‘బేస్’! సిగ్గన్నా ఉండాలి కదా?

పైన వేయడానికి వేయించిన వేరుశనగ, పచ్చికొబ్బరి తురుము చాలు. రుబ్బేటప్పుడు అరచెక్క నిమ్మకాయ పిండండి, అరటి నల్లబడదు, తీపీ వెగటు కొట్టదు. ఆ నిమ్మకాయ ఏ పొదలకూరుదో, గూడూరుదో అయ్యుంటుంది. వీడియోల వాళ్లు సర్దుకోవడానికైనా దాని పేరెత్తరు.